రాయి రుచి

ఆమె ఉద్యోగం ఊరి నీటి సరఫరా కార్యాలయంలో. పెద్ద ట్యాంకు కింద రెండు గదుల పరీక్షశాల ఉంది. దానికి అధికారీ ఆమే, గుమస్తా ఆమే, సీసాలు కడిగే మనిషి సెలవు పెడితే కడిగేదీ ఆమే. పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఊళ్ళో మూడు చోట్ల కుళాయి నీళ్ళు పట్టి తెప్పించి, పరీక్ష చేసి, రిజిస్టర్లో అంకెలు వేసి సంతకం పెడుతోంది. ఆ సంతకం మీద నమ్మకంతోనే ఊరంతా నీళ్ళు తాగుతోంది.

అలాంటి మనిషి ఇంట్లో, వానలు వెనకపట్టిన కొత్తలో ఒక రోజు, మామగారు భోజనం మధ్యలో గ్లాసు కింద పెట్టి, "నీళ్ళు మారాయమ్మాయ్" అన్నారు.

"ఏం మారాయి మామయ్యా?"

"రాయి రుచి వస్తున్నాయి."

"రాయికి రుచేమిటి!"

"నువ్వెప్పుడూ నాకలేదు కాబట్టి నీకు తెలీదు. నేను నాకాను."

ఆమె భర్త బస్సు డ్రైవరు. ఫక్కున నవ్వి, పొలమారి, ఆ రాయి నీళ్ళే తాగి సర్దుకున్నాడు.

మామగారు నలభయ్యేళ్ళు బట్టల అద్దకంలో పనిచేసిన మనిషి. రంగు నిలవడం నీళ్ళని బట్టే ఉంటుందని, తొట్టిలో రంగు కలిపే ముందు చుక్క నీళ్ళు నాలుక మీద వేసుకుని చూడటం ఆ పనిలో అలవాటు. ఇప్పుడు చూపు మూడొంతులు పోయింది. మనిషి ఎదురుగా నిలబడితే నీడలా తెలుస్తుందంతే. కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వస్తారు, రేడియో వింటారు, ఎవరితోనూ గొడవ పెట్టుకోరు. ఈ ఒక్క మాట మాత్రం వదల్లేదు.

మర్నాడు ఆమె ఇంటి కుళాయి నీళ్ళు సీసాలో పట్టి ఆఫీసుకి తీసుకెళ్ళింది. అన్ని పరీక్షలూ చేసింది. సాయంత్రం కాగితం తెచ్చి మామగారి పక్కన కూర్చుని చదివి వినిపించింది. క్లోరిన్ ఇంత, సున్నం ఇంత, ఉప్పు ఇంత, క్రిములు లేవు. అన్నీ పరిమితి లోపలే.

ఆయన శ్రద్ధగా విన్నారు. "అంకెలు బాగున్నాయమ్మా," అన్నారు. "నీళ్ళు మాత్రం మారాయి."

అక్కణ్ణించి రెండు నెలలు ఇంట్లో ఇదే పాట. ఆయన గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగి ఆగితే చాలు, ఆమెకి ఒళ్ళు మండేది. వయసు మీద పడితే నాలుక మొద్దుబారుతుందని ఒక రోజు చెప్పింది. కొత్త మందులు వాడుతున్నారు, వాటి చేదేమో అని ఇంకో రోజు చెప్పింది. గ్లాసు మార్చింది. కుండ మార్చింది. ఆయన దేనికీ ఎదురు చెప్పరు. "అయ్యుండొచ్చమ్మా" అంటారు. మళ్ళీ రాత్రి భోజనాల దగ్గర గుక్క తాగి ఆగుతారు. గోడకి చెప్పుకున్నా నయం, గోడ గుక్కలు వెయ్యదు.

"ఎందుకు నువ్వంత పట్టుదలకి పోతావు?" అన్నాడు భర్త. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అన్నారా? నాకు కారం ఎక్కువ కావాలి, నీకు తక్కువ కావాలి. దాని మీద కోర్టుకెక్కామా?"

"కారం సంగతి వేరు. ఇది నా సంతకం."

"నీ సంతకానికి రుచేమిటే!"

ఆమెకి నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. ఎలాగైనా ఈ వాదన తెగ్గొట్టాలని అప్పుడే అనుకుంది.

ఆ ఆదివారం భోజనాల బల్ల మీద ఆరు గాజు గ్లాసులు వరసగా పెట్టింది. ఏ గ్లాసులో ఎక్కడి నీళ్ళో రాసిన చీటీలు అడుగున అంటించింది. రెండో గ్లాసులోనూ అయిదో గ్లాసులోనూ తమ ఇంటి కుళాయి నీళ్ళే పోసింది. అది ఆమె వేసిన వల. ఒకే నీళ్ళకి ఆయన రెండు రుచులు చెబుతారని, అప్పుడు చీటీలు తిప్పి చదివి మర్యాదగానే నోరు మూయించవచ్చని ఆమె ఎత్తు. మిగతా వాటిలో ఒకటి ఆఫీసు ట్యాంకుది, ఒకటి భర్త బస్సు డిపో నుంచి తెచ్చింది, ఒకటి ఏటి అవతల ఆడపడుచు ఇంటిది. ఆరోది తమ వీధిలోనే అయిదిళ్ళ పైన ఉన్న పుస్తకాల బైండింగు ఆయన ఇంట్లో ఆ పొద్దున్నే పట్టింది. ఆ ఇంటికీ ఈ ఇంటికీ నీళ్ళిచ్చేది ఒకటే గొట్టం.

మామగారు కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చున్నారు. మొదటి గ్లాసు తీసుకుని, కొంచెం నోట్లో పోసుకుని, నాలుక మీద అటూ ఇటూ ఆడించి మింగారు.

"ఇందులో ఇంజను నూనె ఉన్న చోటు వాసన ఉంది. నీళ్ళు తప్పేం కాదు, పట్టిన పాత్రది."

డిపో గ్లాసది. డ్రైవరు నోరెళ్ళబెట్టాడు. తను తెచ్చింది వర్క్‌షాపు సీసాలోనే.

రెండోది తాగి, "ఇది మనిల్లు" అన్నారు. మూడోది ఆఫీసుది, అది తాగి "ఇందులో మందు ఎక్కువ, ట్యాంకుకి దగ్గరిది" అన్నారు. నాలుగోది ఏటి అవతలిది, అది తాగి నవ్వి, "కూతురి ఇంటికెళ్ళినట్టుంది" అన్నారు. అయిదోది నోట్లో పోసుకోగానే తల అడ్డంగా ఊపారు. "రెండోదీ ఇదీ ఒకటేనమ్మాయ్. నన్ను పరీక్షిస్తున్నావు."

ఆమె ఆఖరి గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

ఆరో గ్లాసు తీసుకున్నారు. తాగారు. మళ్ళీ తాగారు. చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని, కనపడని కళ్ళతో ఆమె ఉన్న వైపు తిరిగారు.

"ఇవి మన పాత నీళ్ళు," అన్నారు. "వానలకి ముందువి. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా?"

భర్త ఆ గ్లాసు అందుకుని, పైకెత్తి అడుగున చీటీ చదివాడు. చదివి భార్య మొహం చూశాడు. ఈ మనిషితోనా తను రెండు నెలలుగా వాదించింది?

సోమవారం ఆమె ఆ రెండు నీళ్ళనీ పక్కపక్కన పెట్టి పరీక్ష చేసింది. బైండింగు ఆయన ఇంట్లో గట్టితనం, అంటే నీళ్ళలో కరిగిన సున్నం లెక్క, నూట పన్నెండు. తమ ఇంట్లో నూట ముప్ఫయ్యొకటి. పరిమితి మూడొందలు కాబట్టి రెండూ మంచినీళ్ళే. ఎవరైనా సంతకం పెట్టేస్తారు, తనూ పెట్టేసింది. గీతకి ఇవతల ఉన్నాయా లేదా అని చూసిందే తప్ప, ఒకే గొట్టం మీద అయిదిళ్ళ మధ్య నీళ్ళు ఎందుకు మారాలని అడగలేదు. తను రోజూ నీళ్ళు పట్టించే మూడు కుళాయిల్లో ఒక్కటీ ఈ వీధిలో లేదు.

ఆ సాయంత్రం చెప్పులు తొడుక్కుంటూ, "మామయ్యా, వీధిలోకి వస్తారా నాతో?" అని అడిగింది.

"ఎందుకు?"

"మీకు రుచి తెలుస్తుంది. నాకు తెలియట్లేదు."

ఆయన కర్ర కోసం తడుముకున్నారు.

ఇద్దరూ వీధి పై కొస నుంచి మొదలుపెట్టి ప్రతి ఇంటి తలుపూ తట్టారు. ఆయన ఒక గుక్క తాగడం, ఆమె ఒక సీసా పట్టడం. ఊరికే సీసాలు పట్టకుండా ఆమె ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న అడిగింది. వానల తరవాత నీళ్ళలో ఏమైనా తేడా తెలిసిందా? చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకుంది. పై ఇళ్ళవాళ్ళు తెల్లమొహం వేశారు. నీళ్ళకి తేడా ఏమిటండీ అన్నారు. బైండింగు ఆయన జిగురు కలిపే గిన్నె చూపించి, "నా జిగురు సాక్షి, చుక్క తేడా లేదు" అన్నాడు.

పక్కది రొట్టెల దుకాణం. అక్కడ పొయ్యి ముందు చెమటలు కక్కుతున్న రొట్టెలాయన ఈ ప్రశ్న వినగానే వెలిగిపోయాడు. "తేడానా? వానల తరవాత నా రొట్టె పైపెచ్చు చూడండి, కరకరలాడిపోతోంది! పిండి మార్చావా అంటున్నారంతా. నేనేం మార్చలేదు." దాని కింద ఇంట్లో దర్జీ భార్య, "టీ తగలెట్టినట్టుంటోంది, ఆయనేమో నాకు చేతకావట్లేదంటారు" అని మొగుడి వైపు చురచురా చూసింది. దర్జీ, "కొత్త నీళ్ళే బాగున్నాయి, దాహం తీరుతోంది" అన్నాడు. ఆ ఇంట్లో దీని మీద అప్పటికే మాటలు లేవట. ఇంకో ఇంట్లో ముసలమ్మ జుట్టు అట్ట కడుతోందంది. ఆవిడ మనవరాలు జుట్టు ఒత్తుగా ఉందని సంతోషిస్తోంది.

ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిచేసరికి ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ రెండు మాటలకీ పొత్తు లేదు. ఒకరు అమృతమంటే ఒకరు విషమంటున్నారు. కాసేపు పెన్సిలు నములుతూ కూర్చుని, వీధి బొమ్మ గీసి, ఎవరి మాట వాళ్ళ ఇంటి మీద రాసింది. రాసి, కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

బాగున్నాయి అన్నవాళ్ళూ, బాగాలేవు అన్నవాళ్ళూ, అందరూ రొట్టెల దుకాణం నుంచి కిందివైపే ఉన్నారు. పైవైపు వాళ్ళెవరికీ అసలు అభిప్రాయమే లేదు. మొగుడూ పెళ్ళామూ దెబ్బలాడుకుంటున్న ఇంట్లో ఇద్దరూ ఒకే నిజం చెబుతున్నారు. మామగారి గుక్కలు చెప్పిందీ అదే చోటు. మర్నాడు సీసాలు చెప్పిందీ అదే.

ఇంజనీరుగారు ఈ బొమ్మ చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. "మొగుడూ పెళ్ళాల తగువులు పట్టుకుని రోడ్డు తవ్వమంటారా?" అన్నారు. ఆమె సీసాల అంకెలు ముందుకి జరిపింది. ఎక్కడో బయటి నీళ్ళు గొట్టంలోకి దూరుతున్నాయి. ఇవాళ మంచివే, రేపు ఎలాంటివి దూరతాయో తెలీదు. ఆ మాటకి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మేస్త్రిని పిలిపించారు.

ఆ గొట్టాల మేస్త్రిని అందరూ పటం మేస్త్రి అంటారు. చంకలో ఎప్పుడూ ఊరి గొట్టాల పటం చుట్టి ఉంటుంది. పటంలో లేనిది భూమ్మీద లేదని అతని నమ్మకం. "ఇక్కడేం లేదు మేడమ్," అన్నాడు రొట్టెల దుకాణం ముందు పటం విప్పి. "గొట్టం ఉంది, చుట్టూ మట్టి ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టవుతుంది."

పొద్దున్న పదింటికి తవ్వకం మొదలైంది. నడుము లోతు వెళ్ళేసరికి ఇటుకలు తగిలాయి. పలచటి, పొడుగాటి ఇటుకలు. ఈ కాలంలో ఎవరూ కాల్చనివి. మేస్త్రి పటం వైపు ఒకసారి, గోతి వైపు ఒకసారి చూశాడు. గడ్డపార ఎత్తి రెండు ఇటుకల మధ్య బలంగా పొడిచాడు. గడ్డపార అతని చేతిలోంచి జారి లోపలికి పోయింది.

చప్పుడు లేదు. చుట్టూ చేరినవాళ్ళు గోతి మీదకి వంగారు. అప్పుడు ఎక్కడో లోతున, బుడుంగుమని.

మేస్త్రి చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. ఆ శబ్దం కింద ఎక్కడెక్కడో తిరిగి, గోడలకి తగిలి, చాలాసేపటికి మళ్ళీ పైకి వచ్చింది. దుకాణం గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డ మామగారు ఒక్కరే, "అబ్బ! ఎంత పెద్ద ఇల్లు!" అన్నారు.

మనిషి పట్టేంత కన్నం చేసేసరికి మధ్యాహ్నమైంది. లోపలి గాలి మంచిదో కాదో చూసుకుని, తాళ్ళు కట్టుకుని ముందు మేస్త్రి, వెనక ఆమె నిచ్చెన దిగారు. రెండు నిలువుల లోతున గోడ వెంట వెడల్పాటి రాతి అరుగు తగిలింది. దాని మీద నిలబడి ఆమె తల తిప్పింది.

పై కన్నంలోంచి ఎండ నిటారుగా దిగి నీళ్ళ మీద పడుతోంది. అక్కణ్ణించి వెలుగు పైకి లేచి ఇటుకల కప్పు మీద వలలా ఆడుతోంది. ఆ వెలుగులో స్తంభాలు. రాతి స్తంభాలు, వరస వెనక వరస, నీళ్ళలోంచి లేచి కప్పు దగ్గర చెట్టుకొమ్మల్లా విచ్చుకుని ఒకదాన్నొకటి అందుకుంటున్నాయి. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, స్తంభం ఎక్కడ ఆగి దాని నీడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. దూరంగా ఒక చుక్క పడింది. ఆ చప్పుడు వాళ్ళ ముందునుంచి నడిచి వెళ్ళినట్టు వెళ్ళింది.

మేస్త్రి చంకలో పటం తీసి అరుగు మీద పెట్టి, టోపీ తీసేశాడు. "ఎలుక కోసం తవ్వితే కొండ దొరికింది మేడమ్," అన్నాడు.

కారణం కూడా అక్కడే కనపడింది. గొట్టం వేసినవాళ్ళు తెలియక ఈ గోడ మందంలోంచే వేసుకుపోయారు. లోపలి ఇటుకలు ఎప్పుడో రాలి గొట్టం బయటపడింది. ఈ ఏటి వానలకి కొండవైపు ఊట బలిసి, ఎండిపోయిన రాతి కాలువ ఒకటి మళ్ళీ పారుతోంది. ఆ ధార సరిగ్గా గొట్టం అతుకు మీద పడుతోంది. అతుకు చిట్లి ఉంది. పైన పంపు ఆపినప్పుడల్లా ఖాళీ గొట్టం ఆ ఊటని లోపలికి పీల్చుకుంటోంది.

"మామయ్యని తీసుకురావాలి," అంది ఆమె.

"ఆయనకి కళ్ళు..." అని మేస్త్రి ఆగిపోయాడు. ఆమె అప్పటికే నిచ్చెన ఎక్కుతోంది.

నడుముకి తాడు కట్టి, పైన కొడుకు, కింద మేస్త్రి పట్టుకుంటే, ఆయన ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగారు. అరుగు మీదకి వచ్చాక కోడలి భుజం పట్టుకుని నిలబడ్డారు. చల్లటి గాలి మొహానికి తగిలింది.

"వెలుగొక్కటే తెలుస్తోందమ్మాయ్. ఏముందో చెప్పు."

"పెద్ద గది మామయ్యా. గది కాదు... మన వీధంత ఉంది. అంతా నీళ్ళు. స్తంభాలున్నాయి."

"ఎన్ని?"

"ఇరవై నాలుగు... ఇరవై ఆరు. ఇంకా ఉన్నాయి, చీకట్లోకి పోయాయి. పైన కొమ్మల్లా విడిపోయి కలుసుకుంటున్నాయి. ఎండ నీళ్ళ మీద పడి కప్పు మీద ఆడుతోంది."

"అలాగా," అన్నారాయన. "అలాగా." కళ్ళు మూసుకుని తల నెమ్మదిగా పైకెత్తారు, కప్పు చూస్తున్నట్టే.

నిజమేనా అని ఆయన అడగలేదు. సరిగ్గా లెక్కపెట్టావా అనలేదు. ఆమె నోట్లోంచి వచ్చిన ఒక్కో మాటా తీసుకుని లోపల నిలబెట్టుకుంటున్నారు. ఆ సంగతి తెలిసేసరికి ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. ఈయన మాట నమ్మడానికి తనకి ఆరు గ్లాసులు కావలసొచ్చింది.

"ఏమ్మా, ఆగిపోయావేం?"

"ఏం లేదు మామయ్యా. చెబుతాను." చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఎడమ కొస నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. రాయి రంగు, గోడ మీద మేస్త్రీలెవరో చెక్కుకున్న చిన్న గుర్తులు, నీళ్ళ అడుగున పడి ఉన్న గడ్డపార, అన్నీ చెప్పింది. చెబుతూ చూస్తుంటే, మొదటిసారి చూడనివి బోలెడు కనపడ్డాయి.

ఆయన వంగి చెయ్యి నీళ్ళలో పెట్టబోయారు. "తాగొద్దు! పరీక్ష కావాలి," అని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆయన బుద్ధిగా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

నాలుగు రోజులు కింది ఇళ్ళకి ట్యాంకరు నీళ్ళు తిరిగాయి. పరీక్షల్లో ఊట స్వచ్ఛమైనదని తేలింది. ఆ సాయంత్రం ఆమె ఒక సీసా తెచ్చి రెండు గ్లాసుల్లో పోసింది. మామగారు తాగి, "ఇదే," అన్నారు. ఆమె కూడా తాగింది. కళ్ళు మూసుకుని, ఆయనలాగే నాలుక మీద ఆడించి చూసింది. చల్లగా ఉన్నాయి. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"ఇంత చెడ్డగా ఉన్నాయని ఇన్నాళ్ళూ బాధపడ్డారా మామయ్యా?"

ఆయన ఆశ్చర్యపోయారు. "చెడ్డగా ఉన్నాయని నేనెప్పుడన్నానమ్మా? మారాయన్నాను. నాకిదే ఇష్టం."

భర్త కుర్చీలోంచి కిందపడేంత నవ్వాడు. ఆమె రెండు నెలల మాటలూ ఒక్కొక్కటే వెతికి చూసుకుంది. నిజమే. ఆయన ఒక్కసారి కూడా అనలేదు. తనే ఒక్కసారి కూడా అడగలేదు.

గొట్టం పక్కకి మార్చి వేశారు. కింది ఇళ్ళకి పాత నీళ్ళు వచ్చాయి. వారం తిరక్కుండా రొట్టెలాయన ఆఫీసుకి వచ్చి పైపెచ్చు మెత్తబడిందని గోల పెట్టాడు. వెనకే దర్జీ వచ్చాడు. దర్జీ భార్య ఎదురు అర్జీ తెచ్చింది. ఇంజనీరుగారు చెవులు మూసుకుని వాళ్ళని పరీక్షశాలకి పంపించేశారు. ఆమె అందరికీ స్టూళ్ళు వేసి, నోటుపుస్తకం తెరిచి, "ఒక్కొక్కరే చెప్పండి, ఎప్పటినుంచి, ఎలా ఉన్నాయి?" అంది. చివరికి ఊటకి విడిగా ఒక కుళాయి పెట్టారు. కావలసినవాళ్ళు పట్టుకుంటారు, అక్కర్లేనివాళ్ళు పక్కనుంచి పోతారు.

కిందికి ఇనప మెట్లు వేసి జనాన్ని వదలడానికి ఏడాది పట్టింది. అది ఎవరు కట్టారో, ఎప్పుడు మరిచిపోయారో తెలిసినవాళ్ళెవరూ లేరు. ఎవరి ఊహ వాళ్ళది. కోటకి దాచుకున్న నీళ్ళని ఒకరు, తోటలకని ఒకరు. మెట్ల పైన నిలబడి గట్టిగా వాదించుకుంటారు. మూడో మెట్టు దిగేసరికి గొంతులు తగ్గుతాయి. అరుగు మీదకొచ్చేసరికి ఒక్క మాటా ఉండదు.

ఆమె కొన్నిసార్లు మధ్యాహ్నం పని ఆపుకుని వెళ్ళి ఆ అరుగు మీద నిలబడుతుంది. ఒక రోజు పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ, కూతుర్ని ఎత్తుకుని, కప్పు మీద ఆడుతున్న వెలుగుని చూస్తూ గుసగుసగా అడిగింది.

"ఆకుపచ్చగా ఉంది కదండీ?"

ఆమెకి లేత నీలంగా కనపడుతోంది. ఆ మాట పెదవి దాకా వచ్చింది. అలాగే ఆపి, తల పక్కకి వంచి, ఆవిడ నిలబడ్డ చోటికి జరిగి, అక్కణ్ణించి చూడటం మొదలుపెట్టింది.